చివరి కన్ను

మాతోపాటు చేపలమ్మే ఉషారాణి కొత్త ఫోన్ కొన్నాక మాకు ప్రశాంతత కరువైంది. రాజమండ్రిలో ఎవరు తుమ్మినా ఓడలరేవు పక్కనున్న మా పల్లెలో ముందు దానికే తెలుస్తుంది. ఈసారి కళల పండగట. గోదావరి గట్టంతా బొమ్మలూ, పాటలూ, డప్పులూ పెడుతున్నారట. సముద్రం మీద వేట ఆపేసిన రోజులు కాబట్టి చేపల్లేవు, బేరాల్లేవు, మా గంపలన్నీ బోర్లించి ఉన్నాయి. "పొద్దున్నే ఎల్లి సాయంత్రానికి వచ్చేద్దాం అక్కా" అని నా కొంగు పట్టుకు తిరిగింది. అది అడిగితే కాదనడం నాకు చేతకాదు.

లోవలక్ష్మిని బయల్దేరదీయడమే కష్టమైంది. లోవా నేనూ ఒకే ఏడు ఈ పల్లెకు కోడళ్లుగా వచ్చాం, ఒకే ఆటోలో చేపలు వేసుకుని అమలాపురం వెళ్లి అమ్ముకుంటాం. దాని మొగుడు త్రిమూర్తులు మంగళూరు బోట్ల మీద పనికి వెళ్తున్నానని చెప్పి వెళ్లి రెండేళ్లు దాటింది. మొదట్లో ఫోన్ చేసేవాడు. తర్వాత ఆ నంబరు మోగడం మానేసింది. అప్పటినుంచి లోవ అమలాపురం దాటి ఎక్కడికీ రాదు. ఎందుకని అడిగితే నడుం నొప్పి అంటుంది. నాకు తెలీదా? తను ఊళ్లో లేనప్పుడు అతను వస్తే, తలుపుకి తాళం చూసి వెనక్కి పోతాడని దాని భయం.

"తాళం వెయ్యకే తల్లీ. మా అత్తని మీ అరుగు మీద కూర్చోబెడతాను. మీ ఆయనొస్తే కదలనివ్వదు. ఆవిడ కబుర్లు మొదలెడితే ఎవడూ కదల్లేడు" అన్నాను.

లోవ నవ్వింది. ఆ నవ్వులోనే బస్సెక్కించేశాను.

త్రిమూర్తులు ఎందుకు వెళ్లాడో కూడా చెప్పాలి. ఆ రోజుల్లో వరసగా పడవ ఖాళీగా వచ్చేది. ఒకరోజు ఒడ్డున నలుగురిలో లోవ "నువ్వు లేకపోయినా నా ఇల్లు నడుత్తాది" అనేసింది. ఉత్త కోపంలో అన్న మాట. మా ఇళ్లలో రోజూ ఇంతకన్నా పెద్దవే అనుకుంటాం, అన్నం దగ్గర కూర్చునేసరికి మర్చిపోతాం. అతను మర్చిపోలేదు. గొంతెత్తి తిరిగి ఒక్క మాట అనకుండా వెళ్లిపోయే మగాళ్లంటే నాకు ఒళ్లుమంట. అరిచేవాడితో అరవచ్చు. వీళ్లనేం చేస్తాం?

రాజమండ్రిలో ముందు రోజ్‌మిల్క్ తాగాం. గట్టు మీద ఎండ మాడ్చేస్తున్నా జనం బాగానే ఉన్నారు. కాలేజీ పిల్లలు నేల మీద కూర్చుని బొమ్మలు వేస్తున్నారు. ఒకచోట తోలుబొమ్మలు, ఇంకోచోట డప్పులు. పడవెక్కి పాత వంతెన దాకా ఒక చుట్టు తిరిగొచ్చాం. ఉషారాణి ఫోన్ దించలేదు. వంతెనతో ఒక ఫోటో, నాతో ఒకటి, నాకు తెలియకుండా నేను ఆవులిస్తుండగా ఒకటి. లోవ మాత్రం నది మీద ఏ పడవ కనిపించినా అందులో మనిషి ముఖం కనిపించేదాకా చూసేది. ముఖం చూశాక తల తిప్పుకునేది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

పడవ దిగాక చింతచెట్టు కింద వెదురు కర్రలకి కట్టిన పాత వలలు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి తెరల్లా వేలాడుతున్నాయి. పక్కన బోర్డు, లోపలికి పోకుండా అడ్డంగా తాడు.

"ఇది చూడ్డానికా ఇంత దూరం వచ్చింది? మా పెరట్లో ఇంతకన్నా ఎక్కువే ఉన్నాయి" అన్నాను.

ఉషారాణి పకపకా నవ్వింది. లోవ నవ్వలేదు. తాడు కింద నుంచి దూరి లోపలికి వెళ్లిపోయింది. ఒక తెల్లని వల దగ్గర ఆగింది. ఆ వలకి చిరిగినచోట నీలం దారంతో అల్లిన పెద్ద అతుకు ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది.

"ఎడం చేతి ముడి" అంది.

నేనూ దూరాను. నిజమే. త్రిమూర్తులిది ఎడమచేతి వాటం. అందరి ముడులూ ఒకవైపు వాలితే అతనివి ఇంకోవైపు వాలతాయి. "ఎడం చేతివాళ్లు ఈ లోకంలో ఆయనొక్కడేనా?" అన్నాను.

లోవ అతుకు మూల చూపించింది. అక్కడ ఒక్క గడి కట్టకుండా వదిలేసి ఉంది. దారం కొస మాత్రం వేలాడుతోంది.

వల గడిని మేం కన్ను అంటాం. త్రిమూర్తులు వాళ్లింట్లో ఒక అలవాటుంది, అది మా పల్లెలో ఇంకెవరికీ లేదు. వల బాగుచేసేటప్పుడు మగాడు చివరి కన్ను కట్టడు. అది ఇంటి ఆడది కట్టాలి. లేకపోతే ఆ వలలో పడింది ఇల్లు చేరదని వాళ్ల ముసలమ్మ చెప్పేదట. లోవ కాపురానికొచ్చిన కొత్తలో సిగ్గుపడుతూ కన్ను కడుతుంటే నేను ఎంత ఏడిపించానో! తర్వాత అదే దాని పనైపోయింది. త్రిమూర్తులు వల అరుగు మీద పడేసి "అయ్యింది" అంటాడు. ఇది పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, తడి చేతులు తుడుచుకుని, ఆ ఒక్కటీ కట్టి వెళ్తుంది.

ఇప్పుడూ అదే చేసింది. ఎక్కడున్నామో మర్చిపోయి దారం కొస అందుకుంది.

"అమ్మా, ముట్టుకోకండి! ముట్టుకోకూడదండీ!"

ఆ వలలు ప్రదర్శనకి పెట్టిన అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మెడలో కార్డు, దాని మీద సహస్ర అని పేరు. గట్టిగా అరిచినందుకు మళ్లీ తనే నొచ్చుకుంది. "అలా ఉండనివ్వండి అమ్మా. నాకు అదే బాగా నచ్చింది" అంది.

"ఈ వల ఎక్కడ కొన్నారండీ?" లోవ గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ధవళేశ్వరంలోనండి, పోయిన నెల. బ్యారేజీ దగ్గర గట్టు కింద పాక వేసుకుని వలలు బాగుచేస్తారు ఒకాయన. ఈ ఒక్కటీ వదిలేశారేంటండీ అని అడిగాను. అది నేను కట్టేది కాదండి అన్నారు."

లోవ దారం వదిలేసింది.

మంగళూరట మంగళూరు! ధవళేశ్వరం! మా బస్సు పొద్దున ఆ బ్యారేజీ మీదుగానే వచ్చింది. ధవళేశ్వరం వెళ్లే ఆటో ఎక్కిన దగ్గర్నుంచి ఆ మనిషిని ఎన్ని తిట్లు తిట్టానో, డ్రైవర్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. "ముఖం మీద అడిగెయ్యి. ఇంత దగ్గరుండి ఇంటికి రాకపోవడం ఏంటని అడుగు. నువ్వు అడక్కపోతే నేనడుగుతాను" అన్నాను. లోవ జుట్టు సర్దుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపాగి మళ్లీ తుడుచుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, దాంతో ఇంకా కోపమొచ్చింది.

పాక ఉంది. మనిషి లేడు. పక్కనే టీ కొట్టు, అందులో మరిడమ్మ అనే ముసలావిడ.

"పొద్దున్నే ఏటి అవతల లంకకి ఎల్లాడమ్మా. రేపు గానీ రాడు. మీరేమవుతారు?"

నేను నోరు తెరిచేలోపే లోవ "వాళ్ల ఊరోళ్లమండి" అంది.

పాక ముందు వెదురు మీద బాగుచేసిన వలలు వరసగా ఆరేసి ఉన్నాయి. ప్రతి వలలోనూ ఒక మూల ఒక్క కన్ను తెరిచి ఉంది. బాగుకిచ్చినవాళ్లు ఊరుకుంటారా అని అడిగాను.

"మొదట్లో గొడవపడేవోరు. చెయ్యి మంచిది కదమ్మా, ఇప్పుడు పట్టుకెళ్లి వాళ్లే కట్టుకుంటన్నారు. అదేం మొక్కో, అడిగితే చెప్పడు" అంది మరిడమ్మ.

లోవ పాక చూరులో చెయ్యి పెట్టింది. వెతకలేదు. ఇంటి దగ్గర అతను వల సూది ఎక్కడ దోపుతాడో సరిగ్గా అక్కడే పెట్టి, సూది తీసింది. నేల మీద బాసింపట్టు వేసుకుని మొదటి వల ఒళ్లోకి లాక్కుంది. కన్ను కట్టింది. రెండోది లాక్కుంది.

"తిడతావనుకుంటే కడతావేంటే!" అన్నాను.

"తిట్టి చూశాను కదా దుర్గా."

కాసేపటికి తలెత్తకుండానే అంది. "నాకాయన కావాలే. పొద్దున్నే తలుపు తీత్తే అరుగు మీద కావాలి. తప్పు ఎవరిదో తేల్చుకునే ఓపిక నాకిప్పుడు లేదు."

ఎప్పుడూ ఏదో ఒకటి వాగే ఉషారాణి ఫోన్ సంచిలో పడేసి, వలలు ఒక్కొక్కటీ దింపి అందివ్వడం మొదలెట్టింది. లోవ కట్టినవి నేను మళ్లీ ఆరేశాను. ఏం చేస్తాను మరి?

పొద్దు వాలింది. చివరి వల లోవ ఒళ్లోకొచ్చింది. లోవ సూది పట్టుకుని ఆ వల వంక చాలాసేపు చూసింది. తర్వాత వల మడిచి పాక గుమ్మంలో పెట్టింది. సూది దాని మీద పెట్టింది.

"అదొక్కటీ కట్టేయవే. బస్సు పోతాది" అన్నాను.

వినిపించుకోలేదు. మరిడమ్మ దగ్గరకు వెళ్లింది. "ఆయనొత్తే చెప్పండమ్మా. ఆ ఒక్కటీ ఇక్కడ కట్టేది కాదని."

"ఎవరు చెప్పారని చెప్పనే?"

"మిగతావి చూత్తే ఆయనకే తెలుత్తాదండి."

మరిడమ్మ వలల వంక చూసింది, లోవ చేతుల వంక చూసింది. లోవకి ఒక టీ ఊరికే ఇచ్చింది.

బస్సు బ్యారేజీ ఎక్కింది. లోవ కిటికీలోంచి పాక వైపు చూస్తుందనుకుని దానికి కిటికీ సీటు వదిలాను. అది ఒక్కసారి కూడా అటు తిరగలేదు. ముందుకి వంగి, ఎదురు సీటు కమ్మీ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. రావులపాలెంలో బస్సు ఎక్కువసేపు ఆగింది. కండక్టర్ కిందికి దిగి ఎవరితోనో కబుర్లలో పడ్డాడు.

అతను రేపు గానీ లంక నుంచి రాడు. ఆ సంగతి నాకూ తెలుసు, దానికీ తెలుసు.

అయినా లోవ లేచి నిలబడి, "డ్రైవరుగారూ, కాత్త తొందరగా పోనివ్వండి. ఇంటి దగ్గర నేను లేను" అంది.