తొంబదియాఱు చిలుకలు

జ్యేష్ఠమాసాంతమున నైరృతి మేఘములు మందలు మందలుగా కదలివచ్చి కాకినాడ రేవున లంగరు వేసిన పడవల తెరచాపలను తడుపుచుండగా ఉప్పుగాలి వీధులవెంట తిరిగి తలుపుల గొళ్లెములకు త్రుప్పు పట్టించుచుండెను. అట్టి యొక ప్రాతఃకాలమున చలువాది కోటిలింగము శెట్టి మనోహర నాటకశాల నడుమ నిలిచి తల పైకెత్తి తనచేత నున్నదేమో లెక్కించుకొనెను. నాటకశాల ధర్మకర్తలు బాగుచేయుమని తన కప్పగించిన పైకప్పున తొంబదియాఱు రేకులు. పాత్రలకు కలాయి వేయించు వర్తకమున ముప్పదియేండ్ల అనుభవము. ప్రక్కన నిలిచిన కంచరి లక్కోజు గంగాచారి స్నేహము. ఇంతటి మూలధనముతో ఏ పనియు తానెన్నడును ప్రారంభించి యుండలేదని ఆ వర్తకునకు తోచెను.

ఆ రేకు లన్నియు కాగితమువలె పలుచనై తగరపు పూతగల యినుప రేకులు. అఱువదియేండ్ల క్రిందట గంగాచారి తండ్రి కొయ్య అచ్చులపై వానిని సుత్తితో దిగగొట్టి రేకున కొకటిగా లతాపరివేష్టితములైన చిలుకలను రూపించి పిదప చిన్నయులితో ఈకయీకకును గీత దీర్చెను. తరువాతి యజమానులు పలుమాఱు వేయించిన సున్నపు రంగుల పొరలక్రింద ఆ గీతలన్నియు పూడిపోయి ఇప్పుడా పక్షులు పిండిముద్దలవలె కనబడుచుండెను. గంగాచారి పుట్టుసరికే తండ్రి పనితనము రంగున మునిగియుండెను.

"సెట్టిగారూ, మా నాయన ఒక్క చిలక్కి మాత్రం కన్ను పెట్టకుండా వదిలేశాడంటండి, హాలుకి దిష్టి తగలకూడదని. అది ఏ మూలుందో ఓసారి చూసుకోవాలండి. నా కళ్ళు ఇంకో ఏడాది ఆగేలా లేవు."

"చూద్దురుగాని. రంగెలా తీద్దామంటారు?"

"పులిసిన గంజి పట్టించి, నానాక వెదురుబద్దతో గీకాలండి. రెండ్రోజులకి ఒక రేకు."

"చిలకల్ని గీకుతారా, జోకొడతారా? ద్రావకంలో ముంచితే పూటలో పోతుంది. మన బిందెలకి చేసేదదే కదా."

"బిందె మంటకి ఓర్చుకుంటుందండి. ఇది ఓర్చుకోదు. దీని దగ్గర మనమే ఓర్చుకోవాలి."

ధర్మకర్తలు ఉగాదివఱకు గడువిచ్చుటకు సిద్ధముగనే యుండిరి. దసరాకే ముగించెదనని వారికి మాట యిచ్చినవాడు కోటిలింగమే. గడువునకు ముందే పని యప్పగించు వర్తకుడని రేవంతయు చెప్పుకొనవలెనను కోరిక అతనికి మిత్రుని మాటకన్న పెద్దదయ్యెను. కావున అతడు పాత్రలకు చేయునట్లే రేకులను ఊడదీయించి ద్రావకపు తొట్టిలో ముంచించి కొలిమిపై వేడిచేయించి కరగిన తగరమును దూదితో పులిమించెను. రంగస్థలము వెనుక చీకటిమూలనుండు ఒక్క రేకుమాత్రము ఏండ్లతరబడి వానకారుటచే చుట్టలు చుట్టుకొని తొట్టిలో ఇముడకపోగా దానిని పనికిమాలినదిగా ఎంచి దుకాణపు పెరటిలో పాఱవేయించి దాని తావున సాదా రేకు కొట్టించెను.

దసరానాడు పైకప్పు అద్దమువలె తళతళలాడగా జనులు మెచ్చిరి. గంగాచారి నిచ్చెన యెక్కి వ్రేళ్లతో ఒక చిలుకను తడవెను. ద్రావకము తినగా మిగిలిన గీతలను కరగిన తగరము పూడ్చివేసి యుండెను.

"నున్నగా ఉందండి. బిందె అడుగులా ఉంది," అని అతడు దిగిపోయెను. మఱెన్నడును దుకాణపు గడప త్రొక్కలేదు.

మఱుసటి వానలకు ద్రావకము కొఱికిన చోటులనెల్ల త్రుప్పు పొటమరించెను. శ్రావణమునాటికి రేకులు జల్లెడలై రాలుచుండగా ధర్మకర్తలు వానిని దింపించి చెక్కపలకలు బిగించిరి. అప్పుడు కోటిలింగమునకు తాను పాఱవేసిన రేకు జ్ఞప్తికి వచ్చెను. పెరటిలో దానిని వెదకి తీసి పులిసిన గంజి పట్టించి ప్రతిదినము ప్రొద్దుటిపూట దుకాణము తెఱచుటకు ముందు వెదురుబద్దతో తానే గీకుచు కూర్చుండెను. ముందు లత వెలువడెను. పిదప ఈకలు ఒక్కొక్కటే లేచెను. పదునొకండవనాడు ముక్కు బయలుపడెను. దానిపైన కన్నుండవలసినచోట రేకు నునుపుగా నుండెను.

అతడా రేకును గుడ్డలో చుట్టుకొని గంగాచారి యింటికి పోయెను. గంగాచారి అరుగుపై కూర్చుండి అడుగుల చప్పుడు వచ్చినవైపునకు మొగము త్రిప్పెను. అతని చూపు అప్పటికి పూర్తిగా పోయియుండెను.

"ఎవరూ?"

"నేనేనండి, కోటిలింగాన్ని. ఓ రేకు తెచ్చాను."

"బిందెల పని మానేశానండి."

"బిందె కాదండి. ఒక్కసారి చెయ్యి పెట్టండి."

ముసలివాని వ్రేళ్లు లతవెంట ప్రాకి ఈకలను లెక్కపెట్టుచున్నట్లు మెల్లగా పైకి నడచి చిలుక తలకడ కన్నులేని నునుపును తడవి అచ్చటనే ఆగెను.

"ఎవరు గీకారండి?"

"నేనే."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"పదకొండు రోజులు."

"నేనైతే రెండు," అని గంగాచారి రేకును ఒడిలోనికి లాగుకొనెను. కూర్చుండుమని అనలేదు. పొమ్మనియు అనలేదు.

తిరిగివచ్చుచు కోటిలింగము త్రోవపొడుగునను తన లెక్క సరిచూచుకొనెను. చేతికి వచ్చినవి తొంబదియాఱు. మిగిలినది ఒక్కటి. అదియు తాను పనికిరాదని విసరివైచినది. మిత్రుడు చూడగోరినది మిత్రునకు చూపు పోయినపిదప చేరెను. ఇంత పోగొట్టుకొని తాను గడించినది ఓర్పు. అది అబ్బునప్పటికి దానిని వినియోగించుటకు మఱియొక రేకు లేదు.