ఇంజను మూత మీద నిద్ర

ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది నాన్న. ఊళ్ళో మొదటి బస్సు తోలేది నాన్నే మరి! చీకటి ఉండగానే లేచి, మొహం కడుక్కుని, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చేసరికి అమ్మ టీ కాచి ఉంచేది. అమ్మకి కింద వీధిలోనే ఇస్త్రీ కొట్టు. నాన్న చొక్కా మీద ఒక్క ముడత కనిపిస్తే చాలు, కొట్టు పరువు పోయిందని బాధపడిపోయేది. తర్వాత నాన్నమ్మ లేచేది. లేస్తూనే సరిగ్గా పలకని రేడియోతో పోట్లాట పెట్టుకునేది. వాళ్ళంతా ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయి, బడిగంటకి ఇంకాసేపే టైముందనగా, అమ్మ మూడోసారి దుప్పటి లాగితే అప్పుడు లేచేది పిల్ల.

పదిహేనేళ్ళ పిల్ల. బళ్ళో చక్కటి పేరే రాయించారు గానీ, ఇంట్లో మాత్రం నాన్నమ్మ పెట్టిన పేరే ఖాయమైపోయింది. గబ్బిలం! రాత్రంతా మేలుకుని పగలంతా వేలాడుతుందని.

రాత్రంతా ఏం చేసేదంటారా? ఇంకేముంది, ఫోను. క్లాసు పిల్లలు గ్రూపొకటి పెట్టుకున్నారు. పోనీ అందులో కొంపలు మునిగే కబుర్లేమైనా ఉన్నాయా అంటే, అదీ లేదు. "ఏం చేస్తున్నావే?" అని ఒకతి అడిగితే, "ఏం లేదు, నువ్వు?" అని ఇంకొకతి. అందరికన్నా ఎక్కువ వాగేది గబ్బిలం పక్క బెంచీ పిల్ల. రోజూ ఎవరో ఒకళ్ళ దగ్గర రబ్బరు అడుక్కుంటుందని దాన్ని అందరూ రబ్బరనే పిలిచేవాళ్ళు. పొద్దస్తమానం పుదీనా చూయింగ్ గమ్ నములుతూ ఉండేది.

ఇక నిద్రల సంగతి అందరికీ తెలిసిందే. చీకటి పడ్డాక ఎవరి నిద్ర వాళ్ళ ఇంటికి నడిచొస్తుంది. నాన్న నిద్ర ఆయన బస్సులాగే టైముకి ఠంచనుగా వచ్చేది. నాన్నమ్మది చేతిరుమాలంత ఉంటుంది, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అమ్మ నిద్ర పాపం ఆవిణ్ణి వెతుక్కుంటూ ఇస్త్రీ బల్ల దాకా వెళ్ళేది. గబ్బిలం నిద్ర మాత్రం బాగా బొద్దుగా, మెత్తగా, గోరువెచ్చగా, మడత పెట్టిన బొంతలా ఉండేది. తొమ్మిదిన్నరకి వచ్చి గడపలో కూర్చునేది. పిల్ల తలెత్తి చూస్తే కదా! కాసేపు చూసి, ఇంకాసేపు చూసి, చివరికి తలుపు తీసి ఉన్న గదిలోకి వెళ్ళి నాన్న కాళ్ళ దగ్గర పడుకునేది.

పడుకుంటే పడుకుంది, తెల్లారాక ఊరుకోవచ్చు కదా? ఎవరూ వాడుకోని నిద్ర ఎక్కడికి పోతుంది? నాన్న వెనకాలే బస్సెక్కేది. డ్రైవరు సీటు పక్కన ఇంజను మూత వెచ్చగా ఉంటుంది, దాని మీద ముడుచుకుని పడుకునేది. అంత దగ్గర్లో అంత లేత నిద్ర ఉంటే ఏ మనిషి రెప్పలు నిలబడతాయి చెప్పండి! ఓరోజు పొద్దున్న బస్సు మెల్లగా రోడ్డు దిగి, పాల బూతు ముందున్న కరెంటు స్తంభాన్ని ముద్దు పెట్టుకుంది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ఎంతైనా స్తంభం స్తంభమే, డిపో డిపోనే. నాన్నని బండి దింపేసి, బస్సులు కడిగే యార్డుకి పంపేశారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు.

"డిపో డాక్టరుగారు నా రెప్పలు ఎత్తి చూసి, 'ఇది నీ నిద్ర కాదయ్యా. ఎదిగే పిల్లల నిద్ర. మీ ఇంట్లో పిల్లలున్నారా?' అని అడిగాడు."

"మీరేమన్నారు?" అంది అమ్మ.

"ఉందన్నాను. ఒక్కతే, బంగారమన్నాను. వారంలో మళ్ళీ చూస్తాడట. ఒంట్లో నా నిద్ర తప్ప ఇంకేం లేకపోతే బండి ఇస్తారు."

గబ్బిలానికి ముద్ద గొంతులో అడ్డం పడింది. తిట్టినా బాగుండేది. నాన్న తిట్టలేదు సరికదా, నీళ్ళ గ్లాసు ఇటు జరిపాడు.

ఇక పట్టుదల వచ్చిందండీ పిల్లకి. వారమంతా ఎందుకు, ఒక్కరోజు చాలనుకుంది. డాక్టరు చూసే ముందురోజు రాత్రి బుద్ధిగా మంచం మీద కూర్చుంది. నిద్ర వచ్చింది. వచ్చి మంచం కిందికి దూరగానే ఒక్క గెంతు గెంతి తలుపు గడియ వేసింది. కిటికీ మూసింది. పుస్తకాల పెట్టె తలుపుకి అడ్డం జరిపింది. 'హమ్మయ్య, ఇక ఎక్కడికి పోతుందిలే' అనుకుని, తీరిగ్గా దిండుకి ఆనుకుని, ఫోను తీసింది!

నవ్వకండి. ఆ వయసులో మనమూ ఇంతే తెలివైనవాళ్ళం.

రాత్రంతా మంచం కింద నిద్ర అలిగి మూలుగుతూనే ఉంది. తెల్లారి అమ్మ తలుపు బాదితే, పిల్ల పెట్టె జరిపి గడియ తీసీ తీయగానే, అమ్మ కాళ్ళ మధ్యనించి దూసుకుపోయి, గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న నాన్న భుజమెక్కి కూర్చుంది. డిపో డాక్టరు ముందు నాన్న కుర్చీలోనే గురక పెట్టాడట. డిపో మేనేజరుకి ఒళ్ళు మండి, "నెలాఖరున రోడ్డు మీద పరీక్ష పెడతాం. అందులో రెప్ప వాలిందా, ఇక స్టీరింగు మాట మర్చిపో. రిటైరయ్యేదాకా నీ చేతిలో నీళ్ళ పైపే" అన్నాడు.

మర్నాడు బడి నుంచి వస్తూ గబ్బిలం డిపో గోడ పక్కన ఆగింది. లోపల నాన్న ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళ పైపు పట్టుకుని బస్సు కడుగుతున్నాడు. తన బస్సే. పదేళ్ళుగా తోలిన బండి. కడగడం అయ్యాక ఇంకెవరో కుర్రాడు ఎక్కి దాన్ని బయటికి తీసుకుపోయాడు. గేటు దాటేదాకా నాన్న దానివంకే చూస్తూ నిలబడ్డాడు, పైపులోంచి నీళ్ళు పాదాల మీద పడుతున్నా తెలియలేదు. గబ్బిలానికి ఏడుపు ఆగలేదు. గోడకి ఆనుకుని ఏడ్చింది. ఇదంతా నా వల్లే, నేనే చేశాను అనుకుంది.

ఇంటికెళ్ళి తిన్నగా నాన్నమ్మ ముందు కూలబడింది.

"నాన్నమ్మా, రోజూ దాన్ని నువ్వే ఎత్తి నా మంచం మీద పడెయ్యొచ్చుగా?"

"బాగుందే! నాకే రాత్రికి చేరెడు నిద్ర లేదు, దాన్ని ముట్టుకుంటే ఉన్నచోటే పడిపోతాను. సొంత నిద్ర చాలినవాళ్ళే ఇంకొకళ్ళది ఎత్తగలరు."

"మరేం చెయ్యను? గడియ వేసినా ఉండట్లేదు."

"గడియ వేస్తే ఉండటానికి అదేమన్నా దొంగా? ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబెట్టి అవమానం చేశావు, ఒక్క పూటలో మర్చిపోతుందా? వేళకి తలుపు తీసి ఉంచు. వేళకి మంచం మీద ఉండు. వచ్చినా రాకపోయినా ఉండు. అంతే."

"అంతేనా?"

"అంతే అంటే చిన్నదనుకోకు. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. అందుకే ఎవరికీ చేతకాదు."

ఆ రాత్రి ఫోను బియ్యం డబ్బాలోకి వెళ్ళింది. తొమ్మిదిన్నరకి దీపం ఆర్పి పడుకుంది. నిద్ర గడప దాకా వచ్చి, గాలి వాసన చూసి, అనుమానంగా నాన్న గదివైపు వెళ్ళిపోయింది. గబ్బిలం లేవలేదు, పిలవలేదు. ఒక్కతే చీకట్లో పైకప్పు చూస్తూ పడుకుంది. బియ్యం డబ్బాలో ఫోను గుర్రుగుర్రుమంటుంటే చేతులు లాగేశాయి. దుప్పటి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు నిద్ర గడప దాటి వచ్చింది. కానీ మంచం ఎక్కలేదు. "సాయంత్రం టీ తాగావు కదూ?" అంది నాన్నమ్మ. టీ మానేసింది. పగలంతా కదలకుండా కూర్చున్న ఒంటి దగ్గరికి నిద్ర రాదని తెలిశాక, బడి నుంచి ఆటో మాని నడిచి రావడం మొదలుపెట్టింది. పొద్దున ఏమీ తినకుండా పరిగెత్తే పిల్ల కాస్తా గుడ్డు, అరటిపండు, గ్లాసెడు పాలు కానిచ్చి వెళుతుంటే అమ్మ ఇస్త్రీ పెట్టె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది, ఎవరిదో తువ్వాలు కాస్త కమిలింది కూడా. మధ్యలో ఒకరోజు మనసాగక డబ్బాలోంచి ఫోను తీసింది. ఆ రాత్రి నిద్ర వచ్చినట్టే వచ్చి వెనక్కి తిరిగింది. సరే, మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం. ఏడవలేదు పిల్ల. మర్నాడు తొమ్మిదిన్నరకి మళ్ళీ పడుకుంది.

"ముసలమ్మలా తొమ్మిదింటికే ముసుగేంటే? గ్రూపులో నువ్వు లేకపోతే బోరు" అని బళ్ళో రబ్బరు ఏడిపించేది. ఎర్రబడ్డ కళ్ళతో, ఆవులిస్తూ.

"ఉంటే మాత్రం ఏముంది, 'ఏం చేస్తున్నావే?' 'ఏం లేదు' అనుకోవడమేగా!" అంది గబ్బిలం.

చివరికి ఓ రాత్రి పాదాల దగ్గర బరువుగా, వెచ్చగా ఏదో తగిలింది. ఊపిరి బిగపట్టింది పిల్ల. ఆ బరువు మెల్లగా మోకాళ్ళ దాకా, పొట్ట దాకా పాకి, మెడ కింద సర్దుకుంది. ఇంకేం, తెల్లారేదాకా ఒళ్ళు తెలియలేదు. లేచేసరికి నాన్న ఇంకా టీ తాగుతున్నాడు. "ఎవరే నువ్వు? మా గబ్బిలాన్ని ఏం చేశావు?" అన్నాడు. ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా నిద్ర అటువైపు పోలేదు.

నెలాఖరు వచ్చింది. పరీక్షంటే ప్రత్యేకం ఏమీ లేదు. ఎప్పటిలాగే మొదటి బస్సు, ఎప్పటి జనమే, ముందు సీట్లో మాత్రం కళ్ళజోడు పెట్టుకున్న ఇన్‌స్పెక్టరు. గబ్బిలం కూడా టికెట్టు తీసుకుని కూర్చుంది. నాన్న స్టీరింగు మీద చెయ్యి వేసి ఒక్కసారి నిమిరాడు. బండి కదిలింది. మలుపులు తిరిగిన తీరు చూస్తే, కూర్చున్నవాళ్ళ చేతిలో టీ కూడా తొణకదు! పాల బూతు దగ్గర స్తంభానికి నాన్న దొంగచూపొకటి చూశాడు, గబ్బిలానికి నవ్వొచ్చింది.

తర్వాతి స్టాపులో కూరగాయల బుట్టల వెనకాల అది ఎక్కింది. బొద్దుగా, మెత్తగా, దారి తప్పి.

"ఎవరిదో నిద్రండోయ్! దీనికి టికెట్టు ఎవరు తీసుకుంటారు?" అన్నాడు కండక్టరు. అన్నాడే గానీ దగ్గరికి పోలేదు. తెల్లారుజామునే లేచినవాడు పాపం, ముట్టుకుంటే పడతాడు. అది జనం కాళ్ళ మధ్యనించి తిన్నగా వెళ్ళి, ఇంజను మూత మీద ముడుచుకుంది.

గబ్బిలం గుండె ఆగినంత పనైంది. నాదేనా? తప్పించుకొచ్చిందా? ముందు ఇన్‌స్పెక్టరు ఆవులించాడు. తర్వాత కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుని నాన్న వంక అదోలా చూశాడు. అద్దంలో నాన్న రెప్పలు ఒకసారి బరువుగా వాలి, అతికష్టం మీద లేచాయి. స్టీరింగు మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

నాది కాదు, అనుకుంది గబ్బిలం. నా నిద్ర నేను తెల్లారేలోపే పూర్తిగా వాడేసుకున్నాను, చిటికెడు కూడా మిగల్లేదు. లేచి, కడ్డీలు పట్టుకుంటూ ముందుకి నడిచింది. వంగి, రెండు చేతులా దాన్ని ఎత్తుకుంది. వెచ్చగా, బరువుగా ఉంది. పుదీనా వాసన వేసింది. ఒక్క ఆవులింత వచ్చింది. అంతే. కళ్ళు మూత పడలేదు. బాగా తిన్నవాడు ఇంకొకడి క్యారియరు మోసినట్టు మోసుకుంటూ వెనక సీటు దాకా తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అద్దంలో నాన్న కళ్ళు విప్పారాయి. అవి బిడ్డని వెతికి చూసుకుని, మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళాయి. చివరి స్టాపు దాకా ఆ రెప్పలు మళ్ళీ వాల్లేదు.

బస్సు ఆగాక ఇన్‌స్పెక్టరు దిగుతూ, "రేపట్నుంచి బండి నీదే. ఆ పిల్ల ఎవరయ్యా?" అన్నాడు.

"మా అమ్మాయండీ" అన్నాడు నాన్న. స్టీరింగుని ఇంకోసారి నిమిరాడు.

తిరుగు బస్సులో గబ్బిలం రబ్బరు వాళ్ళ వీధిలో దిగింది. తలుపు తీసిన రబ్బరు ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఆవులించింది.

"ఇదిగో, నీది" అంది గబ్బిలం.

"ఎక్కడ దొరికిందే?"

"మా నాన్న పక్కన. బస్సులో."

నాన్న సంగతి క్లాసందరికీ తెలుసు. రబ్బరు నమలడం ఆపేసింది. నిద్రని చూసింది, ఫోనుని చూసింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"మంచం మీద పెట్టి బడికి రా. రాత్రి తొమ్మిదిన్నరకి తలుపు తీసి ఉంచు. మొదట్లో అలుగుతుంది, పట్టించుకోకు."

ఆ రాత్రి గ్రూపులో "ఏం చేస్తున్నారే?" అని ఎవరో అడిగారు. ఇద్దరు జవాబివ్వలేదు.