ఎడమ వైపు గాలి

కారు బ్యాటరీ మార్చిన దగ్గర్నుంచీ ఏసీ రెండు రకాలుగా కొడుతోంది. రామకోటేశ్వరరావు కూర్చునే డ్రైవర్ వైపు హాయిగా, చల్లగా వస్తుంది. ఎడమ సీటు వైపు మాత్రం అక్కడ కూర్చున్న మనిషి రేపు ఈ వేళకి ఎక్కడుంటే అక్కడి గాలి వస్తుంది. భార్య రామతులసి కూర్చుంటే రోజూ వంటింటి సెగే. ఇంగువ ఘాటు, పోపు మాడిన వాసన.

"రేపు కూడా నాకు వంటిల్లేనా? మీ కారుకైనా సిగ్గుండొద్దూ!" అని ఆవిడ రోజూ విసుక్కునేది.

ఆ శనివారం ఇద్దరూ చల్లపల్లి బయల్దేరారు. మర్నాడు అక్కడ ఆవిడ చెల్లెలి గృహప్రవేశం. బయట చూస్తే రోళ్ళు పగిలే ఎండ. ముందు ఈ ఏసీ సంగతి తేల్చుకుందామని ఆటోనగర్‌లో పాల్ షెడ్డు దగ్గర ఆగారు.

మెకానిక్ పాల్ డాష్‌బోర్డు కింద తల దూర్చి చూశాడు.

"బ్యాటరీ తీసేసరికి లోపల గాలిదారికి ఉండే ఫ్లాపులు ఎక్కడిదాకా మూసుకోవాలో మర్చిపోయాయండీ. అందుకే రేపట్లోంచి గాలి లాగేస్తున్నాయి. ఫ్యూజు తీసి మళ్ళీ పెట్టి, బండి స్టార్ట్ చేసి, ఏ బటనూ ముట్టుకోకుండా కాసేపు వదిలేస్తే అవే సర్దుకుంటాయి. ఉండండి, ముందోసారి చూస్తా."

అతను ఎడమ సీట్లో కూర్చోగానే మల్లెపూల వాసన, చొక్కా గంజి వాసన గుప్పుమన్నాయి.

"రేపు ఆదివారం కదండీ, చర్చిలో ఉంటా" అని నవ్వాడు.

"లే బాబూ, నన్ను చూడనీ. ఇవాళైనా నాకు బంతిపూల వాసన రావాలి" అంటూ రామతులసి ఎక్కి కూర్చుంది.

గాలి ఆగిపోయింది.

లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. గాలి మాత్రం లేదు. వేడీ లేదు, చల్లదనమూ లేదు. పాల్ స్పీడు చివరికంటా పెంచాడు. ఆవిడ చీర కొంగు కూడా కదల్లేదు. ఆవిణ్ణి దింపి మళ్ళీ తను కూర్చున్నాడు. మల్లెపూలు. ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. ఏమీ లేదు.

అయ్యో దేవుడా! ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది. పాల్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. రామకోటేశ్వరరావు వంగి భార్య మొహంలోకి చూశాడు.

"తులసీ, ఒంట్లో ఎలా ఉంది నీకు? నిజం చెప్పు!"

"బానే ఉందండీ. పొద్దున్నించీ ఈ దవడ లాగుతోంది, అంతే. పన్ను నొప్పేమోనని లవంగం పెట్టుకున్నా." ఆవిడ నుదురంతా చెమటలు. "ఎడం చెయ్యి కూడా కాస్త లాగుతోంది. చెబితే ప్రయాణం మానేస్తారని చెప్పలేదు. ఏమండీ, నాకు భయమేస్తోంది."

"సార్, ఫ్యూజు..." అన్నాడు పాల్.

"ముట్టుకోకు!" అని అరిచి, రామకోటేశ్వరరావు కారుని ఆసుపత్రి వైపు తిప్పాడు.

బెంజ్ సర్కిల్ దగ్గర బండి కదలదే! హారన్ మీంచి చెయ్యి తీయలేదాయన. "ఏదో ఒకటి కొట్టవే తల్లీ! వంటింటి సెగైనా కొట్టు" అని డాష్‌బోర్డుని బతిమాలాడు. ఆ వైపు నుంచి ఏమీ రాలేదు. ఎర్రలైటు దాటించేశాడు. కానిస్టేబుల్ వెనకనించి కేకలేస్తున్నా ఆగలేదు.

ఆసుపత్రి గేటులోకి తిరిగేసరికి రామతులసి ముంగురులు మెల్లగా కదిలాయి. చల్లటి గాలి. స్పిరిట్ వాసన, డెట్టాల్ వాసన, ఉతికిన దుప్పటి వాసన.

"ఛీ, ఆసుపత్రి కంపు" అని ఆవిడ నీరసంగా మొహం తిప్పుకుంది.

"పీల్చు తులసీ, గట్టిగా పీల్చు" అన్నాడాయన బావురుమంటూ. "అది రేపటిది."