పిడుగుదారం

చొప్పదండి సాంచెల గల్లీల పొద్దుగాల ఏడింటికే మరమగ్గాల చప్పుడు షురువైతది. సాంచెలు ఆడంగనే నవీన నడిపే నెట్టు బందైతది. కాకపోతే ఏమైతది? కరెంటు తీగ, నెట్ వైరు ఒక్క పైపులనే పోతయి. గోడకు రెండో పొక్క దండుగని ఇదివరకు లైను నడిపినాయన చేసిన నిర్వాకం!

మొగులు ఉరిమితే నెట్ పెట్టె సుత మాడుతది. ఇప్పటికి రెండు మాడినయి. కంపెనీ సారు పరశురాములు ఖరాఖండిగ చెప్పిండు: "ఇంకోటి మాడితే గీ లైను వేరేటోనికిస్త. ఆడిమనిషివి, నీకెందుకమ్మా గీ వైర్ల పంచాయితీ?"

నవీనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా లైను నేనిడువ" అన్నది.

ఆమె అత్త బాలలక్ష్మి రాట్నం మీద కండెలు చుడుతది. ఎండకాలం నూలు, వానకాలం మెరుపు. "అత్తా, బట్టలు దండెం మీదున్నయి, గా మెరుపు జర జల్ది చుట్టు, వాన తెరిపియ్యాలె" అని గల్లీలోల్లు కేకేస్తుంటరు.

ఈసారి అత్త ఆ మెరుపు కండెలతోటి వైరుకు తొడుగు నేసింది. నవీన గోడకు ఇంకో పొక్క కొట్టి, కరెంటు తీగకు మూరెడు దూరంల వైరు గుంజి, తొడుగు తొడిగింది. సాంచెలు ఎంత మొత్తుకున్నా నెట్టు ఆగలే.

పరశురాములు చూడవచ్చిన నాడు పగటిపూట మొగులు నల్లగైంది. దూరంల ఉరిమింది.

"ప్లగ్గు పీకు!" అన్నడు పరశురాములు.

"నేను పీక."

అప్పుడు చూసింది నవీన. తొడుగు కొసకు పోగులు ఊరికే వేలాడుతున్నయి. నేతోల్లు కొసపోగులు కోయరు, మలిబట్ట పడుగును వాటికే అతుకుతరు. అత్త అలవాటు కొద్ది అట్లనే ఇడిసింది. వచ్చిన పిడుగు ఎటు పోవాలె? పెట్టెలకే గద!

పోగు జారకుంట నవీన వేళ్లకు బూడిద అద్దుకున్నది. వాకిట్ల ఎర్తింగు గుంతల తను ఉప్పు, బొగ్గు పోసి రోజూ బిందెడు నీళ్లు తాపుతది. ఆ గుంతల నుంచి వచ్చిన రాగితీగకు పోగు పోగు మెలేసి అతికింది.

"పిచ్చి లేసిందా నీకు? దూరం జరుగు!" పరశురాములు ఒర్రిండు.

ఆఖరి పోగు అతికి ఇంట్లకొచ్చిందో లేదో, వాన షురువై పిడుగు పడ్డది. వైరు ఎంట ఉరికొచ్చి, తొడుగుల తన దారాన్నే గుర్తుపట్టి, గమ్మున గుంతల దిగింది. పెట్టె మీద పచ్చలైటు రెప్ప కొట్టలే.

పరశురాములు గొంతు సవరించుకున్నడు. "మా ఆఫీసుల పెట్టెలు సుత మాడుతున్నయమ్మా. మీ అత్తతోని ఒక తొడుగు..."

"ఆడోల్ల పంచాయితీ సారూ, మీకెందుకు?" అన్నది నవీన. "ముందుగాల లైను నా పేరు మీద రాయుండ్రి. తర్వాత చూద్దాం."

ఆయన కాయితం తీసిండు. అత్త రాట్నానికి మలి కండె ఎక్కించింది. వాన ఇంక తెరిపియ్యలే.