మూకుట్లో కాచిన చారు

శ్రీరామ్మూర్తి కళ్ళు పచ్చబడ్డాయని ముందు కనిపెట్టింది పెళ్ళాం గౌరీశ్వరి కాదు, వంటమనిషి అసిరమ్మ. పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు పెరట్లోకి వెళ్ళి, నూతి గట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఎనిమిదేళ్ళ తరవాత నవ్వు! ఓర్చినమ్మకు తేట నీరు అంటారే, ఆ నీరు ఇన్నాళ్ళకి తేరింది.

ఇంత పగ ఊరికే పుడుతుందా? డెబ్బై ఎనిమిదిలో అసిరమ్మ మొగుడు తవిటయ్య రేవులో ఇనుప ఖనిజం ఓడకెత్తే గ్యాంగులో పనిచేసేవాడు. ఆ గ్యాంగుకి మేస్త్రీ ఈ శ్రీరామ్మూర్తే. తవిటయ్యదీ గౌరీశ్వరిదీ తగరపువలస పక్క ఒకటే ఊరు. ఆవిణ్ణి అక్క వరస కలిపి ‘అప్పా’ అని పిలిచేవాడు, ఆవిడ మాట మీదే వచ్చి పనిలో చేరాడు. ఆ వానాకాలం అతనికి కామెర్లు తగిలాయి. ఆసుపత్రిలో డాక్టర్ జయమణి అసిరమ్మనీ మేస్త్రీనీ ఎదురుగా నిలబెట్టి మరీ చెప్పింది.

“ఇది వైరస్ వల్ల వచ్చిన జబ్బు. దానికి సొంత ఇల్లంటూ లేదు. మన కణంలో దూరి, మన సరుకుతోనే పిల్లల్ని పెడుతుంది. ఆ సరుకులో ఇనుమొకటి. అందుకే జబ్బు చేస్తే ఒళ్ళు రక్తంలో ఇనుమును తీసి దాచేస్తుంది. దొంగలు తిరుగుతున్నారంటే మనం బియ్యం అటకెక్కించేస్తామే, అలాగ. పాలిపోయాడు కదా అని మీరు పైనుంచి ఇనుము ఎక్కించకండి. ఈ జబ్బులో దొంగ కూర్చున్నదే లివరులో. ఇందులో అన్నీ తేలిపోయాయని నేను చెప్పను. కాని ఇనుము ఎక్కువైన లివరు తట్టుకోలేకపోవడం నా కళ్ళతో చూశాను.”

మేస్త్రీ చేతులు కట్టుకుని బుద్ధిగా తలూపాడు. గేటు దాటగానే తుపుక్కున ఉమ్మి, “ఆడ డాక్టరుకేటి తెలుస్తాదే? ఒంట్లో రగతం లేకే పచ్చబడిపోనాడు,” అన్నాడు. ఓడొచ్చి రేవులో నిలబడి ఉంది, తవిటయ్య లేచి పనిలోకి రావాలి, అదీ అసలు సంగతి. తనకు తెలిసిన కాంపౌండర్ని తీసుకొచ్చి వరసగా ఏడు రోజులు ఏడు ఇనుము సూదులు వేయించాడు. అసిరమ్మ అడ్డం పడితే నోరు ముయ్యమన్నాడు. తొమ్మిదో నాడు తవిటయ్య పోయాడు.

శవం దగ్గర మేస్త్రీ ఏడ్చిన ఏడుపు చూసి పేటంతా అబ్బో అంది. పైగా దిక్కులేని దాన్ని ఇంట్లో వంటకి పెట్టుకున్నాడని దేవుణ్ణి చేసి కూర్చోబెట్టింది. అసిరమ్మ గుడ్ల నీరు గుడ్లలో కుక్కుకుని ఆ ఇంట్లో పొయ్యి ముట్టించింది. ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పినా, సూదులేయించి బతికించాలని చూసినవాడి మీద నిందేస్తావా అని దాన్నే తిడతారు.

ఇప్పుడు చూడండి చిత్రం. అవే కామెర్లు, అదే డాక్టరమ్మ, అవే మాటలు. ఈసారి శ్రీరామ్మూర్తి ఇంటికి రాగానే అలమారలో ఉన్న టానిక్కు సీసాలన్నీ బయట పారేయించాడు. చారూ పులుసూ కాచే ఇనుప మూకుడు అటకెక్కించాడు.

“సింతపండు పులుపుకి ఇనుం దిగిపోతాది. నాకు మట్టి కుండలోనే వండాల. ఇనపడతందా?” అన్నాడు.

వినపడకేం? అసిరమ్మకు ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళూ మనసులో ఏ మూలో ఒక చిన్న అనుమానం ఉండేది, పాపం తెలియక చేశాడేమోనని. ఆ కాస్తా ఆ మాటతో పోయింది. తవిటయ్య లివరైతే ఆడ డాక్టరు మాట, తన లివరైతే వేదవాక్కు!

అయిదో రోజుకి అతని నాలిక చచ్చిపోయింది. “చప్పిడి కూడు తినలేకపోతన్నానే అసిరమ్మా, కాసింత సారు పెట్టు,” అని బతిమాలాడు.

అసిరమ్మ అటకెక్కి మూకుడు దింపింది. చింతపండు చిక్కగా పిసికి, మధ్యాహ్నం దాకా సన్నటి సెగ మీద మరిగించింది. చారు నల్లగా తిరిగింది. ఒక్క గిన్నెతో ఏమవుతుందో దానికి తెలీదు. ఏడు సూదులకి ఏడు గిన్నెలు, అంతే లెక్క. కాని వాడికి తెలియకుండా పోస్తే అది పగెలా అవుతుంది? దోమ కూడా తెలియకుండానే కుడుతుంది.

గిన్నె అందించి, మంచం పక్కన గొంతుక్కూర్చుంది.

“నల్లగుందేటే?” అన్నాడు శ్రీరామ్మూర్తి.

“మూకుట్లో కాసినాను బాబూ. ఇది మొదటిది. ఇంకా ఆరున్నాయి.”

“ఏటీ?”

“నా మొగుడికి ఏడు సూదులు కదా ఏయించినావు!”

గిన్నె పక్కన పెట్టేసి కేకలు పెట్టాడు. “గౌరీ! ఓలె గౌరీ! దీన్ని తన్ని తగిలీ! నన్ను సంపీత్తంది!”

బియ్యం ఏరుతున్న గౌరీశ్వరి చేటతోనే పరిగెత్తుకొచ్చింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “అసిరమ్మ నిన్నెందుకు సంపుతాది? దానికి నువ్వేటి సేసినావు?”

శ్రీరామ్మూర్తి గిన్నెను ఇంకాస్త దూరంగా నెట్టాడు.

“సెప్పు బాబూ,” అంది అసిరమ్మ. “సెప్పవా, అయితే తాగు.”

“తవిటయ్యకి... ఇనుం సూదులు...”

“అది బతికించాలని కదా?” అంది గౌరీశ్వరి. “పడదని డాక్టరమ్మ మొన్న కదా సెప్పినాది?”

గౌరీశ్వరి చేతిలో చేట కింద పెట్టింది.

“అప్పుడూ సెప్పినాదా? సిమ్మాద్రప్పన్న మీద ఒట్టేసి సెప్పు.”

“సెప్పినాది,” అన్నాడు గోడ వైపు తిరిగి. “ఓడ ఆగిపోతాదని...”

గౌరీశ్వరి ఉన్నచోటే కూలబడిపోయింది. “అప్పా అనీవోడు. నా మాట మీద వచ్చినాడు. ఎనిమిదేళ్ళు నాకు కత సెప్పినావు!” అని నెత్తి కొట్టుకుంది.

అసిరమ్మకు కావలసిన మాట ఆ నోటితోనే వచ్చేసింది. మిగతా ఆరు గిన్నెలతో పని లేకపోయింది. ఆ గిన్నె తీసుకుని, అతను చూస్తుండగా, చుక్క మిగలకుండా తనే తాగేసింది.

“రోగం లేనోళ్ళకి ఇది బలం బాబూ,” అంది. మూతి తుడుచుకుని, మూకుడు చంకనెట్టుకుని బయల్దేరింది.

గౌరీశ్వరి గేటు దాకా వెనకే వచ్చింది. “అసిరమ్మా, ఆ మూకుడు ఇక్కడ ఒగ్గీ,” అంది. తీసుకెళ్ళి, మంచానికి ఎదురుగోడకి మేకు కొట్టి, దాని చెవి పట్టుకుని తగిలించింది.

రెండు నెలలకి శ్రీరామ్మూర్తికి కామెర్లు తగ్గాయి. మళ్ళీ రేవుకీ వెళ్తున్నాడు. కాని పెళ్ళాం కంచం ముందు పెడితే వెంటనే చెయ్యి పెట్టడు. తలెత్తి, మేకుకి మూకుడు ఉందా లేదా అని చూసుకుంటాడు. ఒక్కో రోజు ఉంటుంది. ఒక్కో రోజు ఉండదు.