బొచ్చె పిల్లల పరీక్ష

తొర్రూరు దగ్గర కాలువలో, నీటి మట్టానికి అడుగు లోతున, కరెంటు తీసే టర్బైను ఒకటి తిరుగుతోంది. దాన్ని బిగించిన ఇంజినీరు హారిక. ఆ కాలువ నీళ్లు దిగువన చెరువులో కలుస్తాయి. చెరువు చేపలు కాలువలోకి ఎదురెక్కి, మళ్లీ నీళ్లతో కిందికి దిగుతుంటాయి. చెరువులో చేపలు పట్టే సొసైటీలో ఆమె తండ్రి రాజమల్లు సభ్యుడు.

ఆ రోజు పరీక్ష. టర్బైనుకు ఎగువన యాభై చేపపిల్లల్ని వదిలి, దిగువన వలతో పట్టాలి. రెండింటికి మించి దెబ్బ తగిలితే మిషన్ పైకి తీయాలి. ఆ షరతు పెట్టింది హారికే. మిషన్ ఆమె మూడేళ్ల పని.

పిల్లల్ని రాజమల్లు తెచ్చాడు. హారిక డ్రమ్ము మూత తీసింది.

“బాపూ, ఇవి కొర్రమట్టలు.”

“అయితే చేపలు కావా ఏంది?”

“కొర్రమట్ట అడుగుబట్టి పోతది. మిషన్ రెక్కల జోలికే పోదు.”

“గందుకే తెచ్చిన.”

“చెరువుల మీరు పోసింది బొచ్చెలు గదా. అవి పైపైన తిరుగుతయి.”

“సొసైటోళ్లకు నేను జెప్పుకుంట. నీ మిషన్ నిలవడాలె.”

“ఇంజినీరు నేనా, నువ్వా?”

“నిన్ను సంకనేసుకొని ఈ కాలువ దాటించినోణ్ని నేను.”

“అయితే జర బండి తిప్పి బొచ్చెలు పట్టుకరా పో.”

గొణుక్కుంటూ వెళ్లాడు. రెండు గంటల తర్వాత బొచ్చె పిల్లలతో వచ్చాడు. దారిలో మూడుసార్లు ఆగి నీళ్లు మార్చానన్నాడు.

హారిక వాటిని ఎగువన వదిలింది. రాజమల్లు వల దగ్గర నడుం లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కటే చూసి బకెట్లో వేశాడు. రెండింటికి పొలుసు లేచింది.

“నలభై తొమ్మిదే అయినయి,” అంది హారిక.

“ఒకటి తప్పించుకపోయినట్టుంది.”

“చెయ్యి తెరువు, బాపూ.”

తెరిచాడు. అరచేతిలో పిల్ల చచ్చి ఉంది. హారిక కాగితం మీద మూడు అని రాసి, మిషన్ ఆపింది.

“ఇప్పుడెట్ల బిడ్డా?”

“రెక్కల స్పీడు తగ్గించాలె. మళ్ల పరీక్ష పెట్టాలె.”

“నౌకరికేం కాదు గద?”

“ఏమో. చూడాలె.”

రాజమల్లు గట్టెక్కి చేతులు తుడుచుకున్నాడు. సొసైటీ ప్రెసిడెంటుకు ఫోన్ చేశాడు.

“మిషన్ పైకి తీస్తాండ్రు. మూడింటికి దెబ్బ తాకింది. నేను ఒకటి దాచబోతే మా హారిక దొరకబట్టింది.” అవతలి మాట విని నవ్వాడు. “ఎవలి బిడ్డ మరి!”

ఫోన్ చొక్కా జేబులో పెట్టి, చొక్కా విప్పి హారికకు ఇచ్చాడు. టర్బైనుకు తాడు కట్టడానికి మళ్లీ కాలువలోకి దిగాడు.