పక్క సీటు బరువు

మా అత్తయ్య ఆ కారు ఎక్కనని ఒట్టు పెట్టుకుని అప్పటికి పద్నాలుగు నెలలైంది. రైలు పట్టాలు దాటుతుండగా కారు వెనక భాగం దభీమని కూలబడి, ఆమె నడుము పట్టేసింది. "వెనక బాగుచేయించేదాకా ఇందులో కాలు పెట్టను" అని దిగి, ఇంటిదాకా నడిచే వచ్చింది. మామయ్య ఆమె పక్కనే, ఆమె అడుగుల వేగంతో కారు నడుపుకుంటూ వచ్చాడు.

అది ముప్పై ఏళ్లనాటి స్పోర్ట్స్ కారు. ఉన్నవే రెండు సీట్లు. ఒకటి ఖాళీ అంటే సగం కారు ఖాళీ. ఆ పద్నాలుగు నెలలూ మామయ్య ఏదో చెప్పబోయి పక్కకి తిరగడం, ఎవరూ లేరని గుర్తొచ్చి అద్దం సర్దుకుంటున్నట్టు నటించడం నేను గేటు దగ్గర నిలబడి చాలాసార్లు చూశాను.

చివరికి సామాను తెప్పించాడు. వెనక చక్రాలకి కొత్త స్ప్రింగులు, మేలురకం షాక్ అబ్జార్బర్లు, ఇనుప కీళ్ల మధ్య వేసే, పాతవాటికన్నా గట్టి రబ్బరు బుష్షులు. బిగించడానికి వచ్చిన మెకానిక్‌ని అందరూ 'పుస్తకం' అంటారు. కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి లేకపోతే తుమ్ము కూడా ఆపుకునే మనిషి.

మూడోరోజు ఉదయానికి పాతవి ఊడి కొత్తవి ఎక్కాయి. షెడ్డులో కారుని ర్యాంపుల మీద నిలబెట్టాడు.

"అయిపోయినట్టేనా?" అన్నాడు మామయ్య.

"ఎక్కడ సార్. బుష్షుల బోల్టులు చేత్తో తిప్పి వదిలేశాను. చివరి బిగింపు ఉంది. ఖాళీ కారుకి బిగిస్తే, మనుషులు ఎక్కగానే లోపల రబ్బరు మెలిపడుతుంది. ఎక్కేవాళ్లు ఎక్కి కూర్చోవాలి, అప్పుడు బిగించాలి. ఇద్దరూ అని రాసుంది." నూనె మరకల పేజీ చూపించాడు.

మామయ్య వెంటనే ఎక్కి కూర్చున్నాడు. అత్తయ్య గుమ్మంలోనే నిలబడింది.

"మీరు కూడా అమ్మా."

"బాగయ్యాక ఎక్కుతానన్నాను."

"మీరెక్కితేనే బాగవుతుంది."

"బాగయితేనే ఎక్కుతాను."

పుస్తకం నాలుగు పేజీలు తిప్పి చూశాడు. దీనికి అందులో మందు లేదు.

"పోనీ మీ బరువెంతో చెప్పండి. అంత బరువు సీట్లో పెడతాను."

అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది.

"మీరే చెప్పండి సార్."

మామయ్య స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "నలభై ఎనిమిది" అన్నాడు గొంతు తగ్గించి. పెళ్లినాటి బరువది. అంతకన్నా పెద్ద అంకె పలకడానికి ఆయనకి నోరు రాలేదు.

ఇరవై నాలుగేసి కిలోల ఇసుక సంచులు రెండు తూచి, ఒకదానిమీద ఒకటి పెట్టి బెల్టు కట్టారు. సీటు మాయకుండా నేను అత్తయ్య శాలువా చుట్టాను. పై సంచి పక్కకి ఒరిగింది. పడిపోకుండా మామయ్య దాని భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

సరిగ్గా అప్పుడే అత్తయ్య వచ్చింది.

"ఎంత పెట్టారు?"

"సార్ చెప్పినంతే అమ్మా. నలభై ఎనిమిది."

అత్తయ్య మామయ్యని చూసింది. మామయ్య స్పీడు ముల్లుని చూశాడు.

"ఆగున్న బండిలో అక్కడేం కనిపిస్తోంది మీకు?" అంది. తర్వాత మెకానిక్‌తో, "తక్కువ బరువుకి బిగిస్తే ఏమవుతుంది?"

"బుష్షు తొందరగా చిరుగుతుంది. కారు మళ్లీ కూలబడుతుంది. మళ్లీ మీ నడుము."

ఆమె లోపలికి వెళ్లి ఇస్త్రీపెట్టె తెచ్చి సంచి ఒళ్లో పెట్టింది. మళ్లీ వెళ్లి పెద్ద ప్రెషర్ కుక్కర్ తెచ్చింది. కారు కింద నుంచి, "బిగించేదా అమ్మా?" అని వినిపించింది.

"ఆగండి."

ఈసారి కుట్టుమిషన్ పైభాగం విప్పి మోసుకొచ్చింది. కారు ఇంకాస్త దిగింది.

"చాల్లేవే, అంత లేవు నువ్వు" అన్నాడు మామయ్య.

"నా సంగతి మీకేం తెలుసు? మీరింకా పెళ్లిపీటల మీదే ఉన్నారు."

కాసేపు దూరంగా నిలబడి సీటుని పరీక్షగా చూసుకుంది. దగ్గరికొచ్చి కుక్కర్ మూత మాత్రం తీసేసింది.

"ఈమధ్య కాస్త తగ్గాను" అంది నాతో. "ఇప్పుడు బిగించండి."

ఒక్కో బోల్టుకీ బిగువు సరిపోగానే స్పానర్ 'టిక్' మంది. సామానంతా దింపి, ఇసుక దులిపి, మామయ్య తలుపు తెరిచి పట్టుకున్నాడు. అత్తయ్య ఒక కాలు లోపల పెట్టి, నడుము మీద చెయ్యేసుకుని, నెమ్మదిగా కూర్చుంది. కారు వీధిలోకి వెళ్లింది.

వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఉంది. కారు దాన్ని ఎక్కి దిగి ఆగిపోయింది. తలుపు తెరుచుకుంటుందేమోనని నేనూ పుస్తకమూ చూశాం. తెరుచుకోలేదు. వెనక దీపాలు వెలిగాయి. కారు వెనక్కి వచ్చి మళ్లీ దాటింది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి.

ఐదోసారికి, వెనక ఆగిన బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. అత్తయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఇంకొక్కసారి అన్నట్టు వేలు చూపించింది.